పది దీవులు, ఒక్క ఎంపీ

2004 మే రెండో వారం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో ప్రభుత్వం మారింది, ఢిల్లీలో ప్రభుత్వం మారింది. పత్రికల మొదటి పేజీలన్నీ ఆ రెండు వార్తలతోనే నిండిపోయాయి. అదే వారం, కేరళ తీరానికి పడమట అరేబియా సముద్రంలో ఉన్న లక్షద్వీప్‌లో ఇంకో ఫలితం వెలువడింది. 1967 నుంచి వరుసగా పదిసార్లు గెలిచిన పి.ఎం.సయీద్ పదకొండో ఎన్నికలో ఓడిపోయారు. ఆయన లోక్‌సభ ఉపసభాపతిగా పనిచేసిన మనిషి. ప్రత్యర్థి పి.పూకుంజి కోయకు 15,597 ఓట్లు వస్తే, సయీద్‌కు వచ్చినవి 15,526. తేడా 71.

డెబ్బై ఒక్క ఓట్లంటే మన పల్లెల్లో ఒక పెళ్లి బస్సులో కిక్కిరిసి ఎక్కే జనం. అంతమంది తేడాతో ముప్పై ఏడేళ్ల ప్రాతినిధ్యం మారిపోయింది. మన దగ్గర ఒక లోక్‌సభ స్థానంలో లక్ష ఓట్ల మెజారిటీ వచ్చినా పెద్దగా మాట్లాడుకోం. అక్కడ మొత్తం ఓటర్లే లక్ష మంది లేరు. 2024 ఎన్నికల నాటికి లక్షద్వీప్ ఓటర్ల సంఖ్య సుమారు 58 వేలు. ఆ ఎన్నికల్లోనే మన మల్కాజిగిరిలో ఓటర్లు 37 లక్షల పైచిలుకు. రెండు చోట్ల నుంచీ లోక్‌సభకు వెళ్లేది ఒక్కొక్క సభ్యుడే.

ఈ అంకెలు విన్నప్పుడు మొదట కలిగే అనుమానం ఒకటుంది. ఇంత తక్కువ మందికి ఒక ఎంపీ స్థానం అవసరమా అని. ఈ ప్రశ్న వేసేవాళ్లు దేశంలో చాలామందే ఉన్నారు. నాకు తోచే ప్రశ్న వేరు. ఆ 58 వేల మందికి ఉన్నది ఆ ఒక్క ఎంపీ మాత్రమే కావడం న్యాయమా? ఈ పూట నేను మీతో పంచుకోదలచింది ఈ సంగతే.

ముందుగా ఆ దీవుల గురించి నాలుగు మాటలు. లక్షద్వీప్ కేంద్రపాలిత ప్రాంతంలో 36 దీవులున్నాయి. వాటిలో జనం ఊళ్లు కట్టుకుని స్థిరపడినవి పది. కవరత్తి, ఆంద్రోత్, మినికాయ్, అమిని, అగత్తి, కద్మత్, కల్పేని, కిల్తాన్, చెత్లాత్, బిత్రా. నేలంతా కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో తేలిన జనం 64,473 మంది. అందులో కవరత్తి, ఆంద్రోత్, మినికాయ్ మూడింటిలోనే సగం మంది ఉంటారు. చిట్టచివరి బిత్రాలో 271 మంది.

ఈ దీవులన్నీ పగడపు దిబ్బలు. నదులు లేవు, కొండలు లేవు. ఇసుక కింద ఉప్పునీటి మీద తేలుతూ పల్చటి మంచినీటి పొర ఒకటుంటుంది, బావుల్లో ఊరేది ఆ నీరే. బతుకు కొబ్బరి, పీచు, చేపల మీద. దక్షిణాన మిగతా దీవులకు దూరంగా ఉన్న మినికాయ్ సూర చేపల వేటకు పేరుపొందింది. వలలు వాడకుండా గేలపు కర్రలతో ఒక్కొక్క చేపనే లాగే పద్ధతి వాళ్లది. ఆ చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాసు తయారుచేస్తారు. మిగతా దీవుల్లో మాట్లాడేది మలయాళంలో ఒక యాస, మినికాయ్‌లో మాత్రం మాల్దీవుల భాషకు సోదరి అయిన మహల్. కాబట్టి ఎన్నికల ప్రచారం కూడా రెండు భాషల్లో సాగాలి. జనంలో 96 శాతం ముస్లింలు, దాదాపు 95 శాతం షెడ్యూల్డు తెగల వాళ్లు. దీవుల్లో పుట్టిన తల్లిదండ్రులకు అక్కడే పుట్టిన వాళ్లను షెడ్యూల్డు తెగగా గుర్తించారు. లోక్‌సభ స్థానం కూడా వాళ్లకే రిజర్వు అయింది.

చరిత్రలోకి కాస్త వెనక్కి వెళితే మనతో ఒక చుట్టరికం కనిపిస్తుంది. ఈ దీవులు 1956 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగం. ఉత్తరాన ఉన్న అమిని దీవుల గుంపు దక్షిణ కెనరా జిల్లా కింద, మిగతావి మలబారు జిల్లా కింద ఉండేవి. అంటే 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా జిల్లాలూ రాయలసీమా ఈ దీవులూ ఒకే సర్కారు ఏలుబడిలో ఉన్నాయన్నమాట. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగిన 1956 నవంబరు 1న మనకు ఆంధ్రప్రదేశ్ వచ్చింది, వాళ్లకు కేంద్రపాలిత ప్రాంతం వచ్చింది. పుట్టినరోజు ఒకటే. మనకు మాత్రం శాసనసభ ఉంది, మంత్రివర్గం ఉంది. వాళ్లకు ఒక పరిపాలనాధికారి ఉన్నాడు. ఆయన కార్యాలయం కూడా మొదట్లో దీవుల్లో లేదు, కోజికోడ్‌లో ఉండేది. 1964లో గానీ కవరత్తికి మారలేదు.

ఇంకో విషయం చెబితే ఆశ్చర్యపోతారు. 1952లో, 1957లో, 1962లో దేశమంతా ఓటు వేసింది. లక్షద్వీప్ వాసులు తమ ఎంపీని ఎన్నుకోలేదు. 1957 నుంచి పదేళ్లపాటు వాళ్ల తరఫున లోక్‌సభలో కూర్చున్న కె.నల్లకోయ తంగళ్‌ను రాష్ట్రపతి నామినేట్ చేశారు. 1965లో పార్లమెంటు ఒక చట్టం చేసి, ఇలాంటి కేంద్రపాలిత ప్రాంతాల నుంచి కూడా సభ్యులను నేరుగా ప్రజలే ఎన్నుకునే వీలు కల్పించింది. దాంతో 1967లో ఈ దీవుల్లో తొలిసారి లోక్‌సభకు పోలింగు జరిగింది. అప్పుడు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచిన కుర్రవాడే ఆంద్రోత్‌కు చెందిన సయీద్. పోటీకి కావలసిన ఇరవై ఐదేళ్లు నిండి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ తర్వాత కాంగ్రెస్‌లో చేరి ఇంకో తొమ్మిదిసార్లు గెలిచారు. ఎమర్జెన్సీ ముగిశాక 1977లో ఉత్తరాది అంతా కాంగ్రెస్‌ను ఊడ్చేసినప్పుడు కూడా ఆయన స్థానం కదలలేదు.

సయీద్ ఓడిపోయాక జరిగిన ఎన్నికలన్నీ నువ్వా నేనా అన్నట్టే సాగాయి. 2009లో ఆయన కుమారుడు హమ్దుల్లా సయీద్ 2,198 ఓట్ల తేడాతో గెలిచారు. 2014లో నేషనలిస్టు కాంగ్రెస్ పార్టీ అభ్యర్థి మహమ్మద్ ఫైజల్ 1,535 ఓట్లతో ఆయన్ని ఓడించారు. 2019లో మళ్లీ ఫైజలే, ఈసారి 823 ఓట్ల తేడాతో. 2024లో హమ్దుల్లా తిరిగి గెలిచారు. ఆయనకు 25,726 ఓట్లు, ఫైజల్‌కు 23,079. ఆ ఇద్దరినీ తీసేస్తే మిగతావాళ్లందరికీ కలిపి వెయ్యి ఓట్లు కూడా రాలేదు. దేశాన్ని ఏలుతున్న బీజేపీ 2019లో ఇక్కడ సొంత అభ్యర్థిని నిలబెడితే వచ్చినవి 125 ఓట్లు.

ఓటింగు శాతం చూడండి. 2014లో, 2019లో 85 దాటింది. 2024లో 84 శాతం. మన హైదరాబాదు నగరంలో సగం మందిని పోలింగు కేంద్రానికి రప్పించడానికి ఎన్ని ప్రకటనలు, ఎన్ని ప్రచారాలు కావాలో మనకు తెలుసు. బూత్ వీధి చివరే ఉంటుంది, సెలవు కూడా ఇస్తారు. అక్కడ కొందరికి ఓటంటే సముద్రం దాటడం. దీవుల పిల్లలు పై చదువులకు కోచికో, కోజికోడ్‌కో, మంగళూరుకో రావాల్సిందే. ఉద్యోగాల కోసం, వైద్యం కోసం వచ్చిన వాళ్లు కూడా ఆ ఊళ్లలోనే ఉంటారు. వాళ్లు ఓటు వేయాలంటే కోచి రేవులో ఓడెక్కాలి. దీవి దూరాన్ని బట్టి పద్నాలుగు నుంచి ఇరవై గంటల ప్రయాణం. విమానం దిగే చోటు అగత్తి ఒక్కటే.

ఆ ఓడ ప్రయాణం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ దీవుల రాజకీయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చాలా దీవుల చుట్టూ పగడపు గట్టు ఒకటి ఉంటుంది. గట్టుకు లోపల నీరు లోతు తక్కువ, పచ్చగా, నిశ్చలంగా ఉంటుంది. పెద్ద ఓడ ఆ గట్టు దాటి లోపలికి రాలేదు. బయట, లోతైన నీటిలోనే ఆగుతుంది. దీవి నుంచి చిన్న మోటారు పడవలు ఎదురెళ్లి ఓడ పక్కకు చేరతాయి. ఓడ పక్కనున్న తలుపు తెరుస్తారు. పడవ అలతోపాటు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. అది పైకి లేచిన క్షణం చూసుకుని అడుగు వేయాలి. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని అందిస్తారు. ముసలివాళ్లు, నిండు చూలాలు, చంటిపిల్లల తల్లి, జ్వరంతో ఉన్నవాడు, అందరిదీ అదే దారి. వానాకాలంలో సముద్రం పొంగినప్పుడు ఆ అడుగు వేయడం సాహసమే. ఓటింగు యంత్రాలూ, ఎన్నికల సిబ్బందీ కూడా సముద్రం మీదుగానే చేరాలి.

ఇలాంటి చోట ఎంపీ అభ్యర్థిని జనం అడిగేది ఏముంటుంది? విదేశాంగ విధానం గురించి అడగరు. ఓడలు ఎన్ని తిరుగుతున్నాయి, టికెట్టు ఎందుకు దొరకడం లేదు, గుండెనొప్పి వచ్చిన మనిషిని కోచికి తీసుకెళ్లే హెలికాప్టరు వేళకు ఎందుకు రాలేదు, కొబ్బరికి ధర ఏది, ఇంటర్నెట్ ఎప్పుడు బాగుపడుతుంది. 2021 డిసెంబరులో ఎం.వి.కవరత్తి అనే ఓడ ఇంజను గదిలో నిప్పంటుకుంది. ఏడు వందల మంది పట్టే ఆ ఓడ ఆగిపోయాక ప్రయాణికులు పడిన అవస్థ అంతా ఇంతా కాదు. మన దగ్గర ఒక బస్సు రద్దయితే ఇంకో బస్సు ఉంటుంది, రైలు ఉంటుంది, చివరికి ఆటో ఉంటుంది. అక్కడ ఓడ రాకపోతే పరీక్ష రాయాల్సిన విద్యార్థి పరీక్ష పోయినట్టే, రోగి ఆపరేషను వాయిదా పడినట్టే.

ఇవన్నీ నిజానికి ఒక శాసనసభలో, ఒక మంత్రి ముందు తేలాల్సిన సంగతులు. అక్కడ శాసనసభ లేదు. రవాణా మంత్రి లేడు, ఆరోగ్య మంత్రి లేడు. ఓడల శాఖ, ఆసుపత్రులు, బడులు, భూములు అన్నీ ఢిల్లీ నియమించిన పరిపాలనాధికారి చేతిలో ఉంటాయి. ఎంపీ వాటి గురించి అడగగలడు, ఉత్తరం రాయగలడు, లోక్‌సభలో 543 మందిలో ఒకడుగా లేచి నిలబడి తన వంతు వచ్చినప్పుడు మాట్లాడగలడు. ఆజ్ఞ ఇవ్వలేడు.

ఇక్కడే నాకు యానాం గుర్తొస్తుంది. కాకినాడకు దగ్గర్లో, గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం. నేల దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. 2011లో జనాభా 55,626. విస్తీర్ణంలో ఇంచుమించు లక్షద్వీప్ అంతే, జనంలో దానికంటే తక్కువే. యానాం కూడా కేంద్రపాలిత ప్రాంతంలోదే. అయినా యానాం ప్రజలు పుదుచ్చేరి శాసనసభకు తమ ఎమ్మెల్యేను ఎన్నుకుంటారు, లోక్‌సభ ఎంపీకి కూడా ఓటు వేస్తారు. 2021లో యానాంలో గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే యువకుడు స్వతంత్రుడిగా నిలబడి, ఎన్.రంగస్వామి అంతటి నాయకుణ్ని 655 ఓట్ల తేడాతో ఓడించారు. రంగస్వామి అదే ఎన్నికల తర్వాత పుదుచ్చేరి ముఖ్యమంత్రి అయ్యారు. అంటే 37 వేల పైచిలుకు ఓటర్లున్న ఒక చిన్న పట్టణం ముఖ్యమంత్రి కాబోయే మనిషికే నో చెప్పగలిగింది. యానాం వాళ్లకు పుదుచ్చేరి దూరమే, దాని మీద వాళ్ల ఫిర్యాదులు వాళ్లకున్నాయి. కానీ రోడ్డు పాడైతే, ఆసుపత్రిలో డాక్టరు లేకపోతే పట్టుకుని నిలదీయడానికి వాళ్లకంటూ ఒక ఎమ్మెల్యే ఉన్నాడు.

పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఉన్నాయి గనుక, అక్కడ అంతకు ముందే ప్రతినిధుల సభ ఉంది గనుక, 1963 నాటి చట్టంతో వాళ్లకు శాసనసభ దక్కింది. లక్షద్వీప్‌కు అలాంటి గతం లేదు. కణ్ణూరు అరక్కల్ పాలకులు, టిప్పు సుల్తాను, తర్వాత ఇంగ్లీషు కలెక్టర్లు ఏలారు. ఎవరూ ప్రజలను అడిగి ఏలలేదు. ఆ గతాన్ని ఇప్పటికీ కారణంగా చూపడం నాకు సబబుగా తోచదు. అక్షరాస్యతలో 90 శాతం దాటిన ప్రజలు, ఎనభై శాతానికి పైగా వచ్చి ఓటు వేసే ప్రజలు తమ ఓడల వేళలు తాము నిర్ణయించుకోలేరని ఎలా అంటాం?

అండమాన్ దీవుల వాళ్లదీ ఇదే పరిస్థితి. అక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, వ్యాపారాలకు వెళ్లి తరాలుగా స్థిరపడ్డవాళ్లు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభాలో 13 శాతం మంది మాతృభాష తెలుగు. వాళ్లకూ శాసనసభ లేదు, ఒక్క ఎంపీయే. అక్కడా 1967 దాకా నామినేటెడ్ సభ్యులే, 1952లో మొట్టమొదట నామినేట్ అయినవారు నికోబార్‌కు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ ఎన్నికల్లో 2022లో తెలుగుదేశం పార్టీ రెండు వార్డులు గెలుచుకుంది, మరుసటి ఏడు ఆ పార్టీకి చెందిన ఎస్.సెల్వి చైర్‌పర్సన్ అయ్యారు. మనవాళ్ల రాజకీయ ఆకాంక్షకు అక్కడ అందుబాటులో ఉన్న ఎత్తు అంతే. 2024లో గ్రేట్ నికోబార్ అడవుల్లోని షోంపెన్ తెగవాళ్లు ఏడుగురు చరిత్రలో మొదటిసారి ఓటు వేశారు. వాళ్లు బతికే అడవిలోనే ఒక భారీ రేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే పథకం మీద ఇప్పుడు దేశమంతా వాదించుకుంటోంది.

మళ్లీ లక్షద్వీప్‌కు వద్దాం. 2021లో జరిగిన సంగతులు నాకు బాగా బాధ కలిగించాయి. 2020 డిసెంబరులో ప్రఫుల్ ఖోడా పటేల్ పరిపాలనాధికారిగా వచ్చారు. కొద్ది నెలల్లోనే కొన్ని ముసాయిదా నిబంధనలు బయటికొచ్చాయి. అభివృద్ధి పేరుతో ఏ భూమినైనా ప్రణాళికలోకి తీసుకునే అధికారం ఒకదానిలో ఉంది. సంఘవ్యతిరేకులన్న పేరుతో మనుషులను విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధించే వీలు ఇంకోదానిలో ఉంది. పశువధ మీద నిషేధం, ఇద్దరు పిల్లలకు మించి ఉన్నవాళ్లు పంచాయతీకి పోటీ చేయరాదన్న నియమం కూడా వచ్చాయి. వ్యవసాయం, చేపల వేట, పశుసంవర్ధకం, విద్య, ఆరోగ్యం, ఈ ఐదు శాఖలను జిల్లా పంచాయతీ చేతిలోంచి తీసేసుకున్నారు. జూన్ 7న దీవుల ప్రజలు తమ ఇళ్ల దగ్గరే పన్నెండు గంటలు నిరాహారదీక్ష చేశారు. అంతకు వారం ముందు కేరళ శాసనసభ వాళ్లకు మద్దతుగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ దీవుల బాధను చర్చించడానికి పొరుగు రాష్ట్రపు శాసనసభ కూర్చోవాల్సి వచ్చింది.

దీని వెనకున్న రాజ్యాంగపు ఏర్పాటు ఏమిటంటే, 240వ అధికరణం కింద ఇలాంటి కేంద్రపాలిత ప్రాంతాల శాంతి, అభివృద్ధి, సుపరిపాలన కోసం రాష్ట్రపతి రెగ్యులేషన్లు జారీచేయవచ్చు. ఆచరణలో అంటే కేంద్ర ప్రభుత్వం. ఆ రెగ్యులేషను పార్లమెంటు చేసిన చట్టంతో సమానం. అక్కడ అమల్లో ఉన్న పార్లమెంటు చట్టాన్ని సైతం అది మార్చగలదు, రద్దు చేయగలదు. దానికి లోక్‌సభలో ఓటింగు అక్కర్లేదు. 84 శాతం మంది ఓడలెక్కి, పడవలెక్కి, ఎండలో నిలబడి ఎన్నుకున్న ఆ ఒక్క ఎంపీ అవుననాల్సిన పని కూడా లేదు. ప్రజాస్వామ్యం మీద నమ్మకమున్న ఎవరికైనా ఇది కలుక్కుమనాలి.

ఆ ఒక్క ఎంపీ కూడా లేని రోజులు వచ్చాయి. 2009 ఎన్నికల సమయంలో ఆంద్రోత్‌లో జరిగిన ఒక దాడి కేసులో 2023 జనవరిలో కవరత్తి కోర్టు ఫైజల్‌కు పదేళ్ల జైలుశిక్ష వేసింది. దాడికి గురైన వ్యక్తి సయీద్ కుటుంబానికి బంధువు. వెంటనే లోక్‌సభ సభ్యత్వం పోయింది, ఎన్నికల సంఘం ఉపఎన్నిక తేదీ ప్రకటించింది. రెండు వారాలకే కేరళ హైకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. ఏడాదిన్నర కూడా లేని కాలానికి మళ్లీ ఎన్నిక పెడితే అయ్యే ఖర్చును, దీవుల్లో ఆగిపోయే పనులను హైకోర్టు లెక్కలోకి తీసుకుంది. ఉపఎన్నిక ఆగింది. సభ్యత్వం మాత్రం మార్చి 29న గానీ తిరిగి రాలేదు. అక్టోబరులో మరోసారి పోయింది, సుప్రీంకోర్టు జోక్యంతో నవంబరులో మరోసారి వచ్చింది. నేరం ఎవరు చేశారన్నది కోర్టులు తేల్చాల్సిన విషయం, దాని జోలికి నేను వెళ్లను. నా బాధ ఆ ఓటర్ల గురించి. 2017 డిసెంబరులో ఎన్నికైన పంచాయతీల ఐదేళ్ల గడువు కూడా ఆ రోజుల్లోనే తీరింది. కొత్త ఎన్నికలు వెంటనే జరగలేదు. వేరే చోట ఎంపీ లేకపోతే ఎమ్మెల్యే ఉంటాడు, ఎమ్మెల్యే లేకపోతే సర్పంచి ఉంటాడు. ఆ కొద్ది వారాలు ఈ దీవుల వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇంత చిన్న చోట ఎన్నికకు ఇంకో చిక్కుంది. ఓటు రహస్యంగా మిగలకపోవడం. పాత రోజుల్లో బ్యాలెట్ పత్రాలను లెక్కపెట్టే ముందు వేర్వేరు బూత్‌ల పత్రాలను కలిపేసే వీలుండేది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో తెలిసేది కాదు. యంత్రాలు వచ్చాక ప్రతి బూత్ లెక్కా విడిగా బయటపడుతోంది. పది వేల మంది ఉన్న పేటలో దానివల్ల పెద్ద ప్రమాదం లేకపోవచ్చు. మొత్తం జనమే 271 మంది ఉన్న బిత్రాలో ఆలోచించండి. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అంకె వచ్చేసరికి ఏ ఇంటివాళ్లు ఎటు వేశారో ఊరంతా ఊహించేస్తుంది. ఈ దీవుల్లో అందరూ అందరికీ చుట్టాలే. ఆస్తి తల్లి వైపు నుంచి వస్తుంది, తరవాడ్ అనే ఉమ్మడి ఇంటి పేరుతో మనుషులను గుర్తుపడతారు. అభ్యర్థులిద్దరూ కొన్నిసార్లు ఒకే ఇంటికి బంధువులే అవుతారు. అలాంటి చోట మనసుకు నచ్చినట్టు ఓటు వేయడానికి కొంచెం ధైర్యం కావాలి.

దీనికి మందు లేకపోలేదు. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్ అనే పరికరాన్ని వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా దాన్ని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏ బూత్‌లో తమకెన్ని ఓట్లు పడ్డాయో తెలియడం పార్టీలకు కావాలి. ఎవరికి రోడ్డు వేయాలో, ఎవరికి ఆపాలో ఆ లెక్క చూసే నిర్ణయించేవాళ్లు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. మన పల్లెల్లో కూడా, మాకు ఓటు వేయలేదు కాబట్టి మీకు పింఛను రాదన్న బెదిరింపు విననివాళ్లు ఎందరు? పెద్ద నియోజకవర్గాల్లో ఆ పరికరం సంగతి తర్వాత చూసుకోవచ్చు. లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, చిన్న చిన్న బూత్‌లున్న కొండ ప్రాంతాల్లో ముందుగా పెట్టడానికి ఏం అడ్డం?

2024 ఎన్నికల్లో లక్షద్వీప్ ఏప్రిల్ 19న, మొదటి విడతలోనే ఓటు వేసింది. లెక్కింపు జూన్ 4న. ఆ నలభై ఆరు రోజులూ యంత్రాలు భద్రంగా ఉన్నాయి. గెలుపు 2,647 ఓట్ల తేడాతో తేలింది. ఓడినవాళ్ల శిబిరం, గెలిచినవాళ్ల శిబిరం మర్నాడు అదే మసీదులో నమాజు చేయాలి, అదే ఓడలో పక్కపక్కన కూర్చుని కోచికి వెళ్లాలి. అంత దగ్గరగా బతికేవాళ్లు అంత హోరాహోరీగా పోటీపడి, ఫలితాన్ని ఒప్పుకుని మళ్లీ కలిసి బతకడం చూస్తే నాకు వాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

వాళ్లకొక చిన్న శాసనసభ ఇవ్వడం ఖర్చుతో కూడిన పనే. అయినా దీవికి ముగ్గురు చొప్పున ముప్పై మంది సభ్యులు, ఇద్దరు ముగ్గురు మంత్రులు చాలు. అది వీలుకాదంటే, కనీసం జిల్లా పంచాయతీకి ఆ ఐదు శాఖలూ తిరిగి ఇచ్చి, వాటితో పాటు ఓడల శాఖ కూడా దాని కిందికి తేవాలి. ఎన్నికలు ఐదేళ్లకోసారి తప్పకుండా జరిగేలా చూడాలి. 240వ అధికరణం కింద ఏ రెగ్యులేషను తేవాలన్నా ముందు దాన్ని ఆ శాసనసభ లేదా జిల్లా పంచాయతీ ఎదుట పెట్టి అభిప్రాయం తీసుకోవాలన్న నియమం పార్లమెంటు చేయాలి. అప్పుడు ఎంపీ ఎన్నిక కూడా ఎంపీ ఎన్నికలాగే జరుగుతుంది. ఇప్పుడు పంచాయతీ కోపం, ఆసుపత్రి కోపం, ఓడ టికెట్టు కోపం అన్నీ కలిపి ఐదేళ్లకోసారి ఆ ఒక్క మీట మీదే నొక్కాల్సి వస్తోంది.

2025 జులైలో బిత్రా దీవి పేరు పత్రికల్లో కనిపించింది. దేశ రక్షణ అవసరాల కోసం ఆ దీవి నేలంతా తీసుకునే ఆలోచనతో, 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అధ్యయనం చేయిస్తున్నట్టు అధికారులు నోటిఫికేషను ఇచ్చారు. సముద్ర మార్గాలకు దగ్గరగా ఉన్న చోటు కాబట్టి రక్షణ అవసరాలు నిజమైనవే కావచ్చు. ఆ అధ్యయనంలో స్థానిక పంచాయతీని సంప్రదించాలని ఆ చట్టమే చెబుతోంది. సంప్రదించడానికి అప్పటికి ఎన్నికైన పంచాయతీ లేదు. ఆ మాటే ఎంపీ హమ్దుల్లా సయీద్ ఎత్తి చూపారు. స్థానిక పంచాయతీలు పనిచేయని సమయంలో, దీవుల వాళ్లను అడగకుండా ఈ ప్రతిపాదన తెచ్చారని అభ్యంతరం చెప్పి, దీన్ని వ్యతిరేకిస్తామని ప్రకటించారు. బిత్రా వాళ్ల తరఫున ఆ మాట అనడానికి, ప్రజలు ఎన్నుకున్న మనిషంటూ అప్పటికి ఆయన ఒక్కరే ఉన్నారు.